ఒంటబట్టిందా, పైన అంటుకుందా?

మా ల్యాబ్‌కు వచ్చేవన్నీ తెల్ల పొడులే. మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ తెలుపు. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ తెలుపు. హైప్రోమెలోజ్, సెల్యులోజ్ ఎసిటేట్ కూడా తెలుపే. సీసాల మీది చీటీలు చించేసి వరసగా పెడితే ఈ పనిలో తల పండినవాళ్లు కూడా ఏది ఏదో చూపుతో చెప్పలేరు. అన్నిటి పుట్టిల్లూ పత్తో, కలపో. మధ్యలో వాటికి ఏ రసాయనం తగిలింది, ఎంత తగిలింది, లోపలిదాకా పట్టిందా, పైపైన ఉండిపోయిందా అని తేల్చి సంతకం పెట్టడం నా ఉద్యోగం.

ఈ పొడులు ఎక్కడికి పోతాయని బంధువులు అడుగుతుంటారు. ఇంట్లో మందుల డబ్బా తీసి చూడమంటాను. చాలా మాత్రల్లో అసలు మందు కంటే దాన్ని మోసే పదార్థాల బరువే ఎక్కువ. మాత్రకు ఆకారం నిలబెట్టేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. కడుపులోకి వెళ్లగానే నీరు పీల్చి ఉబ్బి మాత్రను పగలగొట్టేది క్రాస్‌కార్మెల్లోజ్. పైన నున్నటి పొరగా ఉండేది, కొన్ని మాత్రల్లో మందును గంటల తరబడి నిదానంగా వదిలేది హైప్రోమెలోజ్. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల కంపెనీల గోదాముల్లో ఇవి బస్తాలకు బస్తాలు ఉంటాయి. ముడిసరుకులో కొంత కలప గుజ్జు, కొంత పత్తి నూగు. జిన్నింగ్‌లో దూది తీశాక గింజకు అంటి మిగిలే ఆ పొట్టి నూగును లింటర్ అంటారు. దాన్ని క్షారంలో ఉడికించి, తెలుపు చేస్తే దాదాపు శుద్ధమైన సెల్యులోజ్ చేతికొస్తుంది.

సెల్యులోజ్‌ను 1838లో ఆన్సెల్మ్ పాయెన్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త మొక్కల నుంచి వేరుచేసి చూపించాడు. గ్లూకోజ్ ముక్కలు వందలు, వేలుగా ఒకదాని వెంట ఒకటి చేరిన పొడవాటి గొలుసు అది. ఒక్కో ముక్కకు 2, 3, 6 స్థానాల్లో మూడు హైడ్రాక్సిల్ గుంపులు ఉంటాయి. సెల్యులోజ్‌ను రసాయనికంగా మార్చడమంటే ముఖ్యంగా ఈ మూడింటి మీద చెయ్యి వేయడమే. మూడింటిలో సగటున ఎన్ని మారాయో చెప్పే అంకెను మేం ‘డీఎస్’ అంటాం. సున్నా నుంచి మూడు దాకా ఉంటుంది. ఎసిటేట్‌కు డీఎస్ 2.5 దగ్గర ఉంటే ఎసిటోన్‌లో కరుగుతుంది. మూడుకు దగ్గరపడితే ఎసిటోన్ పనికిరాదు, డైక్లోరోమీథేన్ కావాలి. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ డీఎస్ సుమారు 0.4 దాటితే తప్ప నీళ్లలో సరిగా కరగదు. అంకెలో చిన్న తేడా వస్తే ఫ్యాక్టరీలో ట్యాంకు అడుగున గడ్డలు కడతాయి. అందుకే ఆ అంకె కోసం అంత పట్టుదల.

శాంపిల్ వచ్చాక మొదట పెట్టేది ఇన్‌ఫ్రారెడ్ మీదే. పరమాణువుల మధ్య బంధాలు ఎప్పుడూ కంపిస్తూ ఉంటాయి. ఒక్కో రకం బంధం తన కంపనానికి సరిపోయే కాంతినే పీల్చుకుంటుంది. ఏ కాంతి ఎంత తగ్గిందో గీతగా గీస్తే అదే స్పెక్ట్రమ్; అందులో లేచే శిఖరాన్ని పీకు అంటాం. అడ్డం కొలత వేవ్‌నంబర్, అంటే ఒక సెంటీమీటరు పొడవులో ఎన్ని తరంగాలు పడతాయన్న లెక్క. మామూలు పత్తి స్పెక్ట్రమ్ నాకు ఇంటి వీధంత తెలుసు. 3330 చుట్టూ వెడల్పుగా హైడ్రాక్సిల్, 2900 దగ్గర కార్బన్–హైడ్రోజన్, 1160 దగ్గర గ్లూకోజ్ ముక్కల్ని కలిపే ఆక్సిజన్ వంతెన, 1000–1100 మధ్య ఒకదాన్నొకటి తోసుకునే పీకుల గుంపు, 897 దగ్గర ఒదిగి ఒక చిన్న పీకు. 1640 దగ్గర కనబడేది సెల్యులోజ్‌ది కాదు; అందులో పట్టుకున్న నీటిది. 1700 నుంచి 1800 దాకా శుద్ధమైన పత్తికి ఏమీ ఉండదు. మా పని సగం ఆ ఖాళీ మీదే నడుస్తుంది. అక్కడ 1740 దగ్గర పీకు లేచి, దానికి తోడు 1370 పెరిగి, 1235 దగ్గర కొత్తది వస్తే ఎసిటైల్ తగిలిందని అర్థం. మూడూ కలిసి రావాలి. ఒక్కటే వస్తే అనుమానించాలి.

ఈ స్పెక్ట్రమ్ తీయడానికి పాత పద్ధతి పొటాషియం బ్రోమైడ్ బిళ్ళ. రెండొందల మిల్లీగ్రాముల బ్రోమైడ్‌కు ఒకటి రెండు మిల్లీగ్రాముల శాంపిల్ కలిపి అగేట్ కల్వంలో నూరి, అచ్చులో పోసి, ప్రెస్‌లో టన్నుల ఒత్తిడి పెడితే గాజులాంటి పల్చటి బిళ్ళ వస్తుంది. చెప్పినంత తేలిక కాదు. సెల్యులోజ్ పీచు నలగదు; కల్వంలో ఉండలు కట్టి రోకలి వెంట తిరుగుతుంది. ద్రవ నైట్రోజన్‌లో ముంచి పెళుసెక్కించి నూరాలి. పోనీ అని గంటలకొద్దీ నూరామా, పీచులోని స్ఫటిక భాగమే చెదిరిపోయి, 1430 పీకు తగ్గి 897 పీకు బలుస్తుంది. అప్పుడు మనం చూసేది కస్టమర్ పంపిన శాంపిల్‌ను కాదు, మన రోకలి పోటును. పైగా బ్రోమైడ్‌కు తేమ పడదు. వానాకాలంలో మా ల్యాబ్ అటెండర్ కిటికీలోంచి ఆకాశం చూసి, “మబ్బు పట్టింది మేడమ్, ఇయ్యాల బిళ్ళలు మంచిగ రావు” అనేవాడు. అతని మాట ఎప్పుడూ తప్పేది కాదు. బిళ్ళ పాలలాగా మసకబారి, 3400 దగ్గరా 1640 దగ్గరా నీటి పీకులు ఎగదన్నేవి. ఎండాకాలంలో కూడా బ్రోమైడ్‌ను ఓవెన్‌లోంచి తీసి, ఎరుపు దీపం కిందే నూరమని అతనే కొత్తవాళ్లకు నేర్పాడు.

ఇప్పుడు ఎక్కువగా ఏటీఆర్ మీద చేస్తున్నాం. చిన్న వజ్రపు ముక్క మీద శాంపిల్ పెట్టి, పైనుంచి స్క్రూతో నొక్కితే చాలు. నూరడం, బిళ్ళ కట్టడం లేవు. ఒక్క నిమిషంలో స్పెక్ట్రమ్ వస్తుంది. అయితే ఏటీఆర్‌లో కాంతి శాంపిల్‌లోకి ఒకటి రెండు మైక్రాన్ల లోతుకే దిగుతుంది. పత్తి పీచు మందం పది పదిహేను మైక్రాన్ల పైమాటే. అంటే చూస్తున్నది పైతోలు. ఆవకాయ ముక్కకు కారం పట్టడం వేరు, ముక్క ఊరడం వేరు. ఏటీఆర్‌కు కారమే ముందు కనబడుతుంది. అందుకని నేను రెండుసార్లు తీయిస్తాను. ఒకసారి పీచును ఉన్నది ఉన్నట్టు పెట్టి, రెండోసారి చల్లబరిచి పొడి చేశాక. పొడి చేస్తే పీచు లోపలి భాగం కూడా బయటపడుతుంది. 1740 పీకును 1160 పీకుతో పోల్చి నిష్పత్తి తీస్తే, రెండింటిలో అది దాదాపు ఒకటే అయితే చర్య లోపలిదాకా వెళ్లింది. పొడిలో బాగా పడిపోతే పైపూతే. గుడ్డ మీద నీరు నిలవకుండా చేయడానికి పైపూత సరిపోతుంది. ఎసిటోన్‌లో కరిగించి దారం తీయాలంటే పైపూతతో పని జరగదు. ఏది మంచిదని స్పెక్ట్రమ్ చెప్పదు, దేనికి వాడతారో తెలిసినవాళ్లే చెప్పాలి.

ఇంతకంటే తరచుగా వచ్చే తగాదా ఇంకొకటి ఉంది. పరిశోధన విభాగం నుంచి ఒక కుర్రాడు ఉత్సాహంగా వచ్చాడు. పత్తిగుడ్డకు సిట్రిక్ ఆమ్లం పట్టించి, వేడిచేసి, ముడతలు పడని గుడ్డ చేశానన్నాడు. ఫార్మాల్డిహైడ్ లేకుండా గుడ్డకు ముడతలు పోగొట్టాలన్న ప్రయత్నం 1980ల నుంచి నడుస్తున్నదే. సిట్రిక్ ఆమ్లం అందులో చవక దారి. అతని చేతిలో స్పెక్ట్రమ్ ఉంది, 1725 దగ్గర మంచి పీకు ఉంది.

“ఎస్టర్ వచ్చేసింది మేడమ్.”

“కడిగావా?”

“నీళ్లతో కడిగానండి.”

“ఎస్టర్ అని ఎలా అంటున్నావు? సిట్రిక్ ఆమ్లానికి కూడా అక్కడే పీకు ఉంటుంది కదా బాబూ.”

ఇది అతని ఒక్కడి సమస్య కాదు. సిట్రిక్ ఆమ్లానికి మూడు కార్బాక్సిల్ చేతులు. ఒక చెయ్యి పత్తిని పట్టుకుని ఎస్టర్ అయినా, మిగతా రెండూ ఆమ్లంగానే ఉండిపోవచ్చు. అసలు ఏ చెయ్యీ పట్టుకోకుండా, ఆమ్లం పీచు సందుల్లో ఎండిపోయి ఉండవచ్చు. అన్నీ 1710–1740 మధ్యే పీకులిస్తాయి. ఒకదాని మీద ఒకటి పడి ఒకే దిబ్బలా కనబడతాయి. దీనికి చక్కటి ఉపాయం ఉంది. జార్జియా విశ్వవిద్యాలయంలో చార్ల్స్ యాంగ్ 1990ల మొదట్లో పత్తిగుడ్డ మీద దీన్ని వివరంగా చేసి చూపించాడు. గుడ్డను పల్చటి కాస్టిక్ సోడా నీళ్లలో కాసేపు, చల్లగానే, ముంచి తీయాలి. ఆమ్లంగా ఉన్న కార్బాక్సిల్ గుంపులు సోడియం లవణంగా మారతాయి; వాటి పీకు అక్కణ్ణుంచి లేచి 1590 దగ్గరకు దిగిపోతుంది. ఎస్టర్ మాత్రం ఆ పల్చటి క్షారానికి, ఆ కాస్త సమయంలో చెక్కుచెదరదు. ఆ తర్వాత కూడా 1725 దగ్గర మిగిలిందే అసలు ఎస్టర్.

ఆ కుర్రాణ్ణి నా పక్కనే నిలబెట్టి చేయించాను. కత్తిరించిన గుడ్డముక్క బీకరులో మునిగింది, తీసి నీళ్లలో జాడించాడు, ఓవెన్‌లో ఆరబెట్టాడు, వజ్రం మీద పెట్టి స్క్రూ బిగించాడు. తెర మీద కొత్త గీత పాత గీత మీద పడింది. 1725 పీకు సగానికి పైగా కుంగింది. 1590 దగ్గర కొత్త భుజం లేచింది. మిగిలిన పీకు చిన్నదే అయినా గట్టిది. “అయితే పట్టుకుంది కదా మేడమ్?” అన్నాడు. పట్టుకుంది. ఎంత పట్టుకుందో తెలిసింది కూడా. అతని రిపోర్టులో మొదటి స్పెక్ట్రమ్ పక్కన ఈ రెండోదాన్ని కూడా పెట్టించాను. ముడతల పరీక్షలో వచ్చిన అంకె ఈ చిన్న పీకుతోనే లెక్క కుదిరింది, ఆ పెద్ద పీకుతో కాదు.

కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్‌లో ఇదే ఆట తిరగేసి ఆడాలి. అది సోడియం లవణంగా వస్తుంది కాబట్టి దాని ముఖ్యమైన పీకు 1600 దగ్గర. పక్కనే 1640లో నీళ్లు కాచుకుని ఉంటాయి. పత్తి గాలిలోని తేమ నుంచే బరువులో ఏడెనిమిది శాతం నీరు పట్టుకుంటుంది. ఇది ఇంకా ఎక్కువ. డీఎస్ తక్కువ ఉన్న శాంపిల్‌లో ఏది కార్బాక్సిలేట్, ఏది తేమ అన్నది విడదీయలేం. అప్పుడు ఆమ్లం కలిపిన ఆల్కహాల్‌తో కడిగి, సోడియం తీసేస్తాం. కార్బాక్సిల్ ఆమ్లరూపంలోకి వచ్చి 1735 దగ్గర, ఖాళీ జాగాలో, ఒంటరిగా నిలబడుతుంది. నీరు తన చోటే ఉంటుంది. ఇక సందేహం లేదు. తయారీలో మిగిలిన సోడియం గ్లైకొలేట్ కూడా 1600 దగ్గరే దూరుతుంది కాబట్టి, అంతకుముందే నీళ్లు కలిపిన ఆల్కహాల్‌తో దాన్ని వదిలించాలి. స్పెక్ట్రమ్ తీసేది నిమిషం, దానికి ముందు కడుగుడు, ఆరబెట్టుడు ఒక పూట. బయటివాళ్లకు మిషన్ కనబడుతుంది. మాకు సింకు, ఓవెన్ కనబడతాయి.

ఇన్‌ఫ్రారెడ్ చేతులెత్తేసే చోట్లు ఉన్నాయి. హైప్రోమెలోజ్ వాటిలో మొదటిది. ఇందులో రెండు రకాల గుంపులు తగిలిస్తారు, మిథాక్సీ, హైడ్రాక్సీప్రొపాక్సీ. గ్రేడు పేరులోని అంకెలే ఆ పాళ్లు చెబుతాయి. 2910 అంటే మిథాక్సీ సుమారు 29 శాతం, హైడ్రాక్సీప్రొపాక్సీ సుమారు 10 శాతం. 2208 అంటే 22, 8. ఫార్మకోపియా 2910కి మిథాక్సీ 28–30, హైడ్రాక్సీప్రొపాక్సీ 7–12 శాతం మధ్య ఉండాలంటుంది. ఒకసారి ఒక సరఫరాదారు బస్తాలతో చేసిన మాత్ర మందును అనుకున్న వేగంతో వదలలేదు. సరుకు ఇన్‌ఫ్రారెడ్ రిఫరెన్స్‌తో అచ్చు గుద్దినట్టు కలిసింది. సరఫరాదారు ఆ స్పెక్ట్రమే చూపించి బల్ల గుద్దాడు. కానీ ఇన్‌ఫ్రారెడ్ చెప్పింది ఇది హైప్రోమెలోజ్ అని మాత్రమే; గ్రేడుల మధ్య తేడా దానికి పట్టదు. హైడ్రయోడిక్ ఆమ్లంతో వేడిచేసి, మిథాక్సీని మిథైల్ అయోడైడ్‌గా, హైడ్రాక్సీప్రొపాక్సీని ఐసోప్రొపైల్ అయోడైడ్‌గా విడగొట్టి, గ్యాస్ క్రోమటోగ్రఫీలో కొలిచాం. బస్తా మీద ఒక గ్రేడు, లోపల ఇంకో గ్రేడు. తగాదా అక్కడితో తీరిపోయింది.

కరిగే శాంపిల్ అయితే, అయస్కాంత క్షేత్రంలో పరమాణు కేంద్రకాల సంకేతాలు చదివే ఎన్ఎంఆర్ అంత సూటిగా చెప్పేది లేదు. సెల్యులోజ్ ఎసిటేట్‌ను డ్యుటీరియేటెడ్ డైమిథైల్ సల్ఫాక్సైడ్‌లో కరిగిస్తే, ఎసిటైల్ ప్రోటాన్లు 1.9 నుంచి 2.2 పీపీఎం మధ్య, గ్లూకోజ్ ముక్క మీది ఏడు ప్రోటాన్లు 3.5 నుంచి 5.1 మధ్య వస్తాయి. ఎసిటైల్ వైశాల్యాన్ని మూడుతో, రెండోదాన్ని ఏడుతో భాగించి నిష్పత్తి తీస్తే నేరుగా డీఎస్. నీటి పీకు 3.3 దగ్గర అడ్డొస్తుంటే ఒక చుక్క ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లం వేస్తాం. నీరు దూరంగా జరిగి లెక్కకు దారి ఇస్తుంది. నేను మాత్రం క్షారంతో ఎసిటైల్ విడగొట్టి టైట్రేషన్ కూడా చేయిస్తాను. పాత బ్యూరెట్టు, కొత్త అయస్కాంతం ఒకే అంకె చెబితే ఆ రిపోర్టు మీద సంతకం పెట్టడానికి చెయ్యి వణకదు.

కరగని వాటికి ఘనస్థితి ఎన్ఎంఆర్. మా దగ్గర ఆ మిషన్ లేదు, వేరే సంస్థలో సమయం అడిగి చేయించుకుంటాం. పొడిని వేలి కణుపంత లేని జిర్కోనియా గొట్టంలో కూరి, అయస్కాంత క్షేత్రానికి 54.7 డిగ్రీల కోణంలో సెకనుకు వేలసార్లు తిప్పుతారు. గంటలు పడుతుంది. అందులో నేను ముందు చూసేది నాలుగో కార్బన్. క్రమంగా పేర్చుకున్న స్ఫటిక భాగంలోది 89 దగ్గర, చెదిరిన భాగంలోనూ ఉపరితలం మీదా ఉన్నది 84 దగ్గర కనబడతాయి. చర్య తర్వాత 89 తగ్గి 84 పెరిగితే రసాయనం స్ఫటికాన్ని విప్పుకుని లోపలికి పోయిందన్నమాట. 89 కదలకుండా ఉంటే గట్టిభాగం అలాగే ఉంది, పైపైనే మార్పు జరిగింది. ఏటీఆర్ అడిగిన ప్రశ్నే ఇది, మరో దారిలో.

ఈ విద్యకు మనవైపు వేళ్లున్నాయి. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో స్పెక్ట్రోస్కోపీని నిలబెట్టినవారు కొచ్చెర్లకోట రంగధామరావు. 1928లో రామన్ ఫలితం వెలుగులోకి వచ్చిన రోజుల్లో కలకత్తాలో రామన్‌తో పనిచేసిన సూరి భగవంతం తర్వాత వాల్తేరు వచ్చారు. రామన్ ఫలితం మీద ఆయన రాసిన పుస్తకాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1940లో అచ్చువేసింది. చెదిరిన కాంతిని చదివే ఆ రామన్ పద్ధతి సెల్యులోజ్‌కు చాలా పనికొస్తుంది. నీటి సంకేతం అందులో బలహీనం కాబట్టి తడి పత్తిని కూడా చూడవచ్చు. తెలుపు చేయని నారను పెడితే మాత్రం అందులోని లిగ్నిన్ అనే పదార్థపు ప్రతిదీప్తి లేచి పీకులన్నిటినీ ముంచేస్తుంది.

ఒకసారి తెల్ల పొడి కాని శాంపిల్ ఒకటి వచ్చింది. మూతపడ్డ టూరింగ్ టాకీస్ సామానులో దొరికిన పాత రీళ్లను ఒక పరిచయస్తుడు తీసుకొచ్చాడు. నైట్రేట్ ఫిలిమేమో, ఇంట్లో పెట్టుకుంటే అంటుకుంటుందేమో అని ఆయన భయం. భయపడాల్సిందే. సెల్యులోజ్ నైట్రేట్ తన ఆక్సిజన్‌ను తనలోనే పెట్టుకుని మండుతుంది. 1950ల మొదటి దాకా సినిమాలకు అదే ఎక్కువగా వాడేవారు. గోరంత ముక్కను నూరకుండా వజ్రం మీద పెట్టాను. నైట్రేట్ అయితే 1650, 1280, 840 దగ్గర పీకులు రావాలి. రాలేదు. 1740, 1235 వచ్చాయి: ఎసిటేట్. డబ్బా మూత తీయగానే ముక్కుకు కొట్టిన వెనిగర్ వాసన కూడా అదే చెప్పింది. వేడి, తేమలకు ఎసిటైల్ గుంపులు ఊడి ఎసిటిక్ ఆమ్లంగా బయటికొస్తున్నాయి. ఊడిన చోట హైడ్రాక్సిల్ తిరిగొచ్చి 3400 పీకు ఎదుగుతుంది. నిప్పు భయం లేదని, అయితే ఈ రీళ్లను మంచివాటికి దూరంగా, చల్లగా, పొడిగా, గాలి తగిలేలా పెట్టమని చెప్పాను. వెలువడే ఆమ్లం పక్క రీళ్లను కూడా పాడుచేస్తుంది.

కొత్తగా చేరిన ఎమ్మెస్సీ పిల్లలు పీకుల పట్టిక బట్టీపట్టుకుని వస్తారు. మంచిదే. నేను వాళ్లనడిగేది వేరు. శాంపిల్‌ను దేనితో, ఎన్నిసార్లు కడిగారు? చివరి కడుగు నీళ్లలో ఏమైనా మిగిలిందా? ఎంత వేడిలో, ఎంతసేపు ఆరబెట్టారు? చర్య జరపకుండా, రసాయనం ఒక్కటి తప్ప మిగతాదంతా అలాగే చేసిన జోడీ శాంపిల్ ఏది? ఆ జోడీని కడిగి ఆరబెట్టి స్పెక్ట్రమ్ తీస్తే 1700–1800 మధ్య ఖాళీగా ఉందా? వీటికి జవాబులు నోట్‌బుక్‌లో ఉంటే స్పెక్ట్రమ్ చదవడం పది నిమిషాల పని. లేకపోతే ఎంత ఖరీదైన మిషన్ అయినా అంటుకున్నదాన్నీ ఒంటబట్టినదాన్నీ ఒకే గీతలో కలిపి గీసి చేతిలో పెడుతుంది. అందుకే మా ల్యాబ్ శాంపిల్ ఫారంలో ‘కోరిన పరీక్ష’ గడికి పైన ‘కడిగిన విధానం’ అనే గడి ఒకటి చేర్పించాను. అది నింపని శాంపిల్‌ను వెనక్కి పంపుతాను, పంపింది మేనేజర్ అయినా సరే.